గాలి తీయడం

వాన వెలిసిన ఆటోనగర్.
లారీ కింద గోనె పరిచి
ఎల్లాజీ మేస్త్రి వెల్లకిలా జారిపోయాడు.
బయటికి కనబడేవి రెండు మడమలే,
పగుళ్ళలో గ్రీజు, ఎన్నేళ్ళదో.

"ఏటైనాదో మొదట్నించి సెప్పు"
అన్నాడు కిందనుంచే.

చెప్పాను.
అనంతగిరి ఘాట్లో, పదహారు టన్నుల సిమెంటుతో,
మూడో మలుపు దగ్గర బండికి ఊపిరాడలేదు.
తొక్కుతుంటే పాదం కింద ఏమీ లేదు,
మెట్టుందనుకుని చీకట్లో కాలేసినట్టు.
దేముడుబాబు దూకి చక్రాలకి రాళ్ళు పెట్టాడు.
కిలోమీటరుకోసారి ఆగడం,
వాడు చేతిపంపు కొట్టడం, కదలడం.
తెల్లారేసరికి వాడి బొటనవేలు బొబ్బెక్కింది.
నాకు చూపించలేదు.
టీ గ్లాసు ఎడంచేత్తో పట్టుకుంటే తెలిసింది.

మేస్త్రికి కుడిచెవి లేదు, ఎడమది సగం.
ఏం విన్నాడో ఎంత విన్నాడో.

"టాంకీ కింద, ఇంజను మీద.
మజ్జిన నీ పాత పంపు
నుయ్యి తోడే ముసిల్దాన్లాగ లాగతంది, లాగతంది.
లాగేకాడ బొక్కుంటే డీజిలు కారదు బావూ.
గాలే లోపలికెల్లిపోద్ది.
సుక్క కింద పడదు.
ఎవుడికి కనబడతాది?"

పెట్టె విప్పాను.
కంపెనీది కాదు,
దొండపర్తి కొట్లో గంటసేపు బేరమాడిన బయటి సరుకు.
సగం కట్టాను, సగం ట్రిప్పు తిరిగొచ్చాక.
అరచేతిలో పట్టే మోటారు, రెండు మూతులు,
డీజిలు ఎటు పోవాలో చెప్పే ఒక బాణం గుర్తు.
లోపలి కాగితంలో బొమ్మలు వేరే ఏదో బండివి.

టాంకీ పక్కన, ఛాసిస్ పట్టీకి,
వీలయినంత కిందుగా రెండు కన్నాలు.
డ్రిల్లు కొరికినప్పుడల్లా
మేస్త్రి కనురెప్పల మీద తుప్పు పొట్టు.
హార్బరు రోడ్డులో లోడు కోసం నిలబడిన రాత్రుళ్ళన్నీ
ఉప్పుగాలి నా బండిని తింటూనే ఉందన్నమాట,
నేను క్యాబిన్లో గురకపెట్టి నిద్రపోతుంటే.
పాత గొట్టం కోస్తే
లోపలి రబ్బరు వేళ్ళ మధ్య మసిలా నలిగింది.
కొత్త గొట్టం, కొత్త క్లాంపులు, కొత్త రాగి వాషర్లు.
పాత వాషర్లు పారేయబోతే
దేముడుబాబు జేబులో వేసుకున్నాడు.

ఖాదర్ వలీ వచ్చి వైర్లు కలిపాడు,
రిలే, ఫ్యూజు, ఆయిలు ప్రెషరుకో స్విచ్చి.
"ఇంజను ఆగితే ఇదీ ఆగాలి.
లేకపోతే లారీ తిరగబడి పడున్నా
డీజిలు తోస్తూనే ఉంటది"
అన్నాడు, క్యారేజీ మూత తీసుకుంటూ,
కూరేంటో చూసుకుంటూ.

తాళం ఒక్క గంటు తిప్పాను.
ఇంజను కాదు,
కిందెక్కడో సన్నగా ఒక జుమ్ము.
మేస్త్రికి వినబడలేదు.
పంపుకి దవడ ఆనించి
పళ్ళతో విన్నాడు.
"ఆడతంది."

ఫిల్టరు మీది బోల్టు వదులు చేస్తే
నురగ.
చీదుడు. బుడగలు. మళ్ళీ నురగ.
అనంతగిరి మలుపులన్నీ
ఆ సందులోంచే వెళ్ళిపోతున్నాయి కాబోలు.
ఇంకా, అన్నాడు. ఇంకా.
బుడగ లేని డీజిలు దారంలా సాగాక,
ఇంక బిగించు.

అప్పుడే కొత్త క్లాంపు దగ్గర
ఒక చుక్క.
ఊరింది, వేలాడింది, గోనె మీద పడింది.
నా గుండె జారింది. ఇంత డబ్బు పోసి!
మేస్త్రి నవ్వాడు, పడుకునే.
"ఇప్పుడు తోస్తంది కదేటి.
తోసేకాడ లోపముంటే బయటికి కారతాది.
కారనీ.
కారింది కాబట్టే నీకు కనబడినాది."
స్క్రూడ్రైవరు అరచుట్టు తిప్పాడు.
చుక్క ఆగిపోయింది.

ఇంజను నడుస్తోంది.
గేరు రాడ్డు మీద చెయ్యేసి కూడా
బండి కదిలించలేదు నేను.
పక్క సీట్లో వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు,
కుడిచెయ్యి తొడకింద.
వేలు చూపించరా, అన్నాను.
ఏటీ నేదు, అన్నాడు.
చూపించు.

చాలాసేపటికి చెయ్యి బయటికి వచ్చింది.
బొబ్బ పగిలి, మసి పట్టి,
నేననుకున్న దానికంటే లోతుగా.
పక్కవేలికి ఉంగరంలా
ఒక రాగి వాషరు.